ఊరి నంబరుకు కొడితే దుబాయిలో మోగింది... ఖర్చు ఎవరిది?

జగిత్యాల: దోస్తును హైదరాబాద్ బస్సు ఎక్కించి, చెయ్యి ఊపి ఇంటికొచ్చిన మనిషికి ఆ రాత్రి నిద్ర పట్టదు. విమానం ఎక్కాడో లేదో, ఇమిగ్రేషన్ వద్ద ఆపారేమో, అక్కడ దిగాక కంపెనీ బండి వచ్చిందో లేదోనని ఒకటే ఆలోచన. తెల్లారి లేవగానే జేబులోని ఫోను తీసి, ఏళ్ల తరబడి నోటికి వచ్చిన పది అంకెల నంబరు కొడతాడు. నంబరు పాతదే. చెవిలో వినబడే రింగు మాత్రం చాలాసార్లు కొత్తగా ఉంటుంది. అవతల దోస్తు ఎత్తగానే ప్రాణం లేచొస్తుంది.

‘అరే, చేరుకున్నవా? తిన్నవా? రూము మంచిగున్నదా?’

‘ఆ, చేరిన. మంచిగనే ఉన్న. అమ్మకు చెప్పు.’

అంతటితో ఆపితే బాగుండేది. కాని ఆపరు. పొలం కాడ మోటరు కాలిన సంగతి, బర్రె ఈనిన సంగతి, చిట్టీ ఎవరు పాడుకున్నారన్న సంగతి అన్నీ వస్తాయి. ఇరవై నిమిషాలు గడుస్తాయి. ఇక్కడివాడి ప్యాకులో పైసా తగ్గదు. ఊళ్ళో పక్కింటివాడితో మాట్లాడినట్టే. మరునాడు అదే నంబరుకు కొడితే కలవదు. దోస్తుకు ఏమైందోనని ఇల్లంతా కంగారు.

దోస్తుకు ఏమీ కాలేదు. అతని ఫోనులో బ్యాలెన్సు అయిపోయింది. ముందు రోజు ఇరవై నిమిషాల ముచ్చటకు డబ్బు కట్టింది ఆయనే.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ జిల్లాల పల్లెల్లో గల్ఫ్ బాట పట్టని వాడకట్టు అరుదు. దుబాయి, సౌదీ, మస్కట్, బహ్రెయిన్ అన్న పేర్లు ఇక్కడి వారికి పక్క మండలం పేర్లంత పరిచయం. అయినా పోయినవారికి ఫోను ఎలా చేయాలి, ఎప్పుడు చేయాలి, ఎవరికి ఎంత పడుతుంది అన్న విషయంలో ఇప్పటికీ చాలా మందికి సందేహాలే. తెలియక చేసే చిన్న పొరపాటు, మొదటి జీతం కూడా చేతికి రానివాడి జేబుకు చిల్లు పెడుతున్నది. ఒక్కోసారి పాత స్నేహానికీ చిల్లు పెడుతున్నది.

బేరింగు ఉత్తరం లెక్క

పాతకాలంలో స్టాంపు అంటించకుండా ఉత్తరం వేస్తే పోస్టుమాన్ దాన్ని తెచ్చి, అందుకునే వాడి దగ్గరే డబ్బు వసూలు చేసేవాడు. దాన్ని బేరింగు ఉత్తరం అనేవారు. రాసినవాడు హాయిగా ఉండేవాడు, చదివినవాడికి ఖర్చు. విదేశంలో ఉన్న మన దేశపు నంబరుకు ఫోను చేయడం కూడా ఇంచుమించు అలాంటిదే.

మన ఊరి సిమ్ముతోనే దోస్తు దుబాయి వెళితే, ఆ ఫోను అక్కడి కంపెనీ టవరును పట్టుకుంటుంది. వెంటనే అక్కడి కంపెనీ మన దేశంలోని కంపెనీకి ‘మీ మనిషి మా దగ్గర ఉన్నాడు’ అని కబురు పంపుతుంది. దీన్నే రోమింగ్ అంటున్నారు. ఇక్కడి నుంచి ఎవరైనా ఆ నంబరుకు కొడితే, పిలుపు ముందు మన దేశంలోని సొంత కంపెనీ దగ్గరికే చేరుతుంది. ఆ కంపెనీ తన చిట్టా చూసుకుని, మనిషి దుబాయిలో ఉన్నాడని గ్రహించి, పిలుపును అక్కడికి మళ్లిస్తుంది.

ఇందులో రెండు ప్రయాణాలున్నాయి. ఊరి నుంచి సొంత కంపెనీ వరకు ఒకటి, అక్కడి నుంచి సముద్రం దాటి దుబాయి వరకు రెండోది. మొదటి దాని ఖర్చు ఫోను చేసినవాడిది. రెండో దాని ఖర్చు ఫోను ఎత్తినవాడిది. ఎందుకంటే ఫోను చేసినవాడు కొట్టింది మామూలు దేశీయ నంబరు. ఎదుటివాడు పొలంలో ఉన్నాడా, పరదేశంలో ఉన్నాడా అన్నది అతనికి తెలిసే దారి లేదు. తెలియనివాడి మీద విదేశీ చార్జీ వేయడం న్యాయం కాదు కాబట్టి, దేశం దాటి వెళ్లినవాడి మీదే వేస్తారు. లెక్క సబబుగానే ఉంది. అయితే ఆ లెక్క పల్లెలకు ఎవరూ విప్పి చెప్పలేదు.

రోమింగ్ ప్యాకు ముందుగా వేయించుకుంటే నిర్ణీత నిమిషాల వరకు అందులోనే సరిపోతుంది. ప్యాకు లేకుండా ఎత్తితే కంపెనీని బట్టి, దేశాన్ని బట్టి నిమిషానికి పదుల రూపాయలు కూడా పడవచ్చు. ప్రీపెయిడ్ వాడికి బ్యాలెన్సు ఉన్నంతవరకే మాట. పోస్టుపెయిడ్ వాడి బాధ వేరు. నెల తిరిగాక బిల్లు ఇంటికి వస్తుంది, అప్పుడు తెలుస్తుంది. అందుకే బయలుదేరే ముందే రీచార్జి దుకాణంలోనో, కంపెనీ కార్యాలయంలోనో మూడు సంగతులు అడగాలి. రోమింగ్ తెరిచి ఉందా, పోయే దేశంలో వచ్చే పిలుపుకు నిమిషానికి ఎంత, ప్యాకు ఎన్ని రోజులు. ఫోనులో డేటా రోమింగ్ మీట ఆపి ఉంచాలి. లేకపోతే మాట్లాడకపోయినా ఫోను తనంతట తానే నెట్ తాగుతూ కూర్చుంటుంది.

మరో గమ్మత్తు కూడా ఉంది. కొందరు ‘నేను ఎత్తకపోతే తమ్ముడి నంబరుకు పోవాలి’ అని కాల్ ఫార్వర్డ్ పెట్టుకుంటారు. ఊళ్ళో ఉన్నంతకాలం అది మంచిదే. అది తీయకుండా విదేశం పోతే, పిలుపు ఇక్కడి నుంచి దుబాయి పోయి, అక్కడ ఎత్తకపోయేసరికి మళ్లీ సముద్రం దాటి తమ్ముడి ఫోనుకు వస్తుంది. పోయినందుకూ, తిరిగి వచ్చినందుకూ చార్జీ పడే ప్రమాదం ఉంది. అన్నదమ్ములు ఒకే ఊరివారు, మాట మాత్రం రెండుసార్లు అరేబియా సముద్రం చూసివస్తుంది!

మనవాళ్లు కనిపెట్టిన మిస్డ్ కాల్ మాత్రం ఇక్కడా పనికొస్తుంది. ఎత్తని పిలుపుకు సాధారణంగా డబ్బు పడదు. అందుకే ‘దిగగానే రెండు రింగులు ఇస్త, నువ్వు ఎత్తకు’ అని చెప్పుకుని పోయేవారు ఎంతో మంది. రెండు రింగులు అంటే క్షేమంగా చేరినట్టు. మూడోది మోగితే ఏదో చెప్పాలన్నట్టు. ఈ సంకేతాలకు ఏ పుస్తకమూ లేదు, ఎవరింటి నిఘంటువు వారిదే.

సున్నా తెచ్చే తిప్పలు

పని మీద పోయినవాడు కొద్ది రోజుల్లో అక్కడి సిమ్ము తీసుకుంటాడు. అప్పటి నుంచి లెక్క తిరగబడుతుంది. అక్కడి నంబరుకు ఇక్కడి నుంచి చేస్తే అది ఐఎస్‌డీ. ఖర్చు మొత్తం చేసినవాడిదే, ఎత్తినవాడికి ఏమీ పడదు. ‘అన్‌లిమిటెడ్ వేయించిన గద, డబ్బులెందుకు పోయినయ్’ అని దుకాణదారుతో తగవు పడేవారు ఉన్నారు. మామూలు అన్‌లిమిటెడ్ ప్యాకు దేశం లోపలి పిలుపులకే. ఐఎస్‌డీకి వేరే ప్యాకైనా ఉండాలి, అసలు బ్యాలెన్సైనా ఉండాలి.

నంబరు కొట్టడంలోనూ తికమక ఉంది. దుబాయి, షార్జా, అబూదాబీ వంటివన్నీ కలిసిన ఎమిరేట్స్ కోడు 971. సౌదీకి 966, కువైట్‌కు 965, ఖతర్‌కు 974, ఒమన్‌కు 968, బహ్రెయిన్‌కు 973. కోడుకు ముందు ప్లస్ గుర్తు గాని, రెండు సున్నాలు గాని కొట్టాలి. దుబాయిలో ఉన్నవాడు తన నంబరు చెప్పేటప్పుడు అక్కడి అలవాటు ప్రకారం ‘సున్నా అయిదు’ అని మొదలు పెడతాడు. ఇక్కడివాడు దాన్ని అలాగే రాసుకుని 971 తర్వాత సున్నా కూడా కొడతాడు. కలవదు. దేశం కోడు పెట్టినప్పుడు ఆ మొదటి సున్నా తీసేయాలి. 971 తర్వాత 5తో మొదలై మొత్తం 9 అంకెలు ఉండాలి. సౌదీకీ ఇదే పద్ధతి. కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్లలో ఆ సున్నా గొడవే లేదు, కోడు తర్వాత 8 అంకెలే. కాగితం మీద రాసుకున్న నంబరులో అంకెలు లెక్కపెట్టుకుంటే సగం బాధ తీరుతుంది.

పోయేవాడు చేయాల్సిన పని కూడా ఒకటుంది. ఫోనులో ఉన్న ఇంటి నంబర్లన్నిటి ముందు ప్లస్ 91 చేర్చుకోవాలి. అలా చేర్చుకుంటే ఏ దేశం నుంచి కొట్టినా, మళ్లీ ఊరికొచ్చి కొట్టినా కలుస్తుంది. ముఖ్యమైన నాలుగు నంబర్లు కాగితం మీద కూడా రాసుకుని పాస్‌పోర్టు కవరులో పెట్టుకోవాలి. ఫోను పోయిన రోజున తల్లి నంబరు కూడా గుర్తుకు రానివారు ఎక్కువయ్యారు. పూర్వం ఫోన్లు లేవు గాని నంబర్లు నోటికి ఉండేవి.

ఏ వేళకు మోగాలి

మనకు పొద్దున ఆరు అయితే దుబాయిలోనూ, ఒమన్‌లోనూ నాలుగున్నర. సౌదీ, కువైట్, ఖతర్, బహ్రెయిన్లలో మూడున్నర. పొద్దున్నే పాలు పిండి వచ్చి ఉత్సాహంగా ఫోను చేస్తే అక్కడ రూములో నిద్రపోతున్న పది మంది లేస్తారు. దోస్తు ‘ఏమైందిరా’ అని అదిరిపడి ఎత్తుతాడు. గల్ఫ్‌లో ఉన్నవాడికి వేళకాని వేళ ఇంటి ఫోను మోగితే గుండె ఆగినంత పని అవుతుంది. పూర్వం తంతి వస్తే ఇల్లంతా ఏడుపు మొదలు పెట్టినట్టే.

ఎండాకాలంలో ఒక వెసులుబాటు ఉంది. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల దాకా ఆరుబయట ఎండలో పని చేయించరాదన్న నిబంధన ఉంది. మన గడియారం ప్రకారం అది రెండు నుంచి నాలుగున్నర. సౌదీలో అవే నెలల్లో పన్నెండు నుంచి మూడు వరకు, అంటే మనకు రెండున్నర నుంచి అయిదున్నర. కట్టడాల పనిలో ఉన్నవాడితో మాట్లాడాలంటే ఆ వేళ కొంత నయం. అయితే అది నడుం వాల్చే సమయం కూడా. ముచ్చట పొట్టిగా ఉంటే మంచిది.

అమెరికాలో కొడుకు దగ్గరికో, బిడ్డ దగ్గరికో పోయే తల్లిదండ్రుల సంగతి దీనికి పూర్తి తలకిందులు. మనకు పగలైతే వారికి రాత్రి. డల్లాస్ మనకంటే ఎండాకాలంలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. ఊళ్ళో మధ్యాహ్నం భోజనం చేసి ‘అక్కా, ఏం కూర వండినవ్’ అని ఫోను చేస్తే అక్కడ అర్ధరాత్రి దాటి ఉంటుంది.

‘నా ఫోను ఎత్తుతలేడు’

2015లో వాట్సాప్‌లో మాట్లాడే సదుపాయం వచ్చాక, 2016లో చవక నెట్ వచ్చాక పల్లెల్లో ఐఎస్‌డీ మాటే మరచిపోయారు. మొహం చూసుకుంటూ గంటల తరబడి మాట్లాడవచ్చు కదా. అయితే ఎమిరేట్స్‌లో వాట్సాప్ మాటల పిలుపులకు అనుమతి లేదు. రాసిన సందేశాలు పోతాయి, ఫోటోలు పోతాయి, గొంతు రికార్డు చేసి పంపితే అదీ పోతుంది. పిలుపు మాత్రం సాగదు. అక్కడి ప్రభుత్వం అనుమతించిన బోటిమ్ వంటి యాప్‌లలోనే నెట్ మీద మాట్లాడాలి.

ఈ సంగతి తెలియక తెగిన స్నేహాలు ఉన్నాయి. ఇక్కడివాడు పదిసార్లు వాట్సాప్‌లో కొడతాడు. కలవదు. ‘దుబాయి పోంగనే పెద్దోడైండు, నా ఫోను కట్ చేస్తున్నడు’ అని నలుగురిలో అంటాడు. ఆ మాట చిలవలు పలవలై దోస్తు ఇంటికి చేరుతుంది. ఇద్దరి మధ్య చేబదులు ఉంటే ఇక చెప్పనక్కరలేదు. ‘పైసలు అడుగుతనని ఎత్తుతలేడు’ అన్న మాట పుడుతుంది. అక్కడ ఆ పాపపువాడికి ఫోను మోగనే లేదు.

ఇందుకు కొందరు కుర్రవాళ్లు చెప్పే చిట్కా ప్రమాదకరమైనది. వీపీఎన్ అనే యాప్ వేసుకుంటే వాట్సాప్ పిలుపులు పోతాయని, ‘నువ్వు కూడా వేసుకోరా’ అని ఇక్కడి నుంచి ఒత్తిడి చేస్తారు. 2021లో తెచ్చిన ఎమిరేట్స్ చట్టం ప్రకారం, నేరం చేయడానికి గాని, దాన్ని కప్పిపుచ్చడానికి గాని నెట్ చిరునామా మార్చి వాడితే జైలు శిక్ష పడవచ్చు. జరిమానా 5 లక్షల దిర్హాముల నుంచి 20 లక్షల దిర్హాముల వరకు ఉంటుంది. నెలకు వెయ్యి, పదిహేను వందల దిర్హాములకు పని చేసేవాడు ఆ లెక్క ఎన్ని జన్మలకు తీర్చాలి? ముచ్చట కోసం దోస్తును అలాంటి ఇరకాటంలోకి నెట్టడం స్నేహం అనిపించుకోదు. సౌదీ మాత్రం నెట్ పిలుపులపై ఉన్న ఆంక్షలను సడలిస్తున్నట్టు 2017 సెప్టెంబరులో ప్రకటించింది.

క్యాసెట్లో అమ్మ గొంతు

ఇప్పటి కుర్రవాళ్లకు ఇదంతా కష్టంగా తోచవచ్చు. అరవై దాటినవారిని కదిలిస్తే కష్టమంటే ఏమిటో చెబుతారు. 1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్ దేశాల్లో కట్టడాలు జోరందుకున్నాయి. ఆ తర్వాతి ఏళ్లలో పాత కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి జనం వలస కట్టారు. ఆనాడు ఫోను లేదు. ఎర్ర నీలి అంచుల ఎయిర్‌మెయిల్ కవరే దిక్కు. ఉత్తరం చేరడానికి రెండు వారాలు, జవాబు రావడానికి మరో రెండు. చదువు రాని ఇంట్లో పంతులే రాసిపెట్టాలి, పంతులే చదివి వినిపించాలి. భార్య మొగుడికి చెప్పుకోవలసిన మాట పంతులు ముందర చెప్పలేక, ‘ఇక్కడ అందరం క్షేమం’ అన్న ఒక్క ముక్కతో ముగించిన ఉత్తరాలు ఎన్నో.

తర్వాత క్యాసెట్లు వచ్చాయి. గల్ఫ్ నుంచి సెలవుపై వచ్చినవాడు టూ ఇన్ వన్ టేపురికార్డరు తెచ్చేవాడు. దాని ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని వంతులవారీగా మాట్లాడేవారు. తల్లి మొదలు పెట్టగానే ఏడుపు, వెనక కోడి కూత, పక్కింటి వాళ్ల పలకరింపు, అన్నీ అందులో ఎక్కేవి. ఎవరైనా గల్ఫ్ పోతుంటే ఆ క్యాసెట్టు చేతికిచ్చి పంపేవారు. అక్కడ రూములో దాన్ని నలుగురూ కూడి వినేవారు. అమ్మ ఎవరిదైనా అందరూ కళ్లు తుడుచుకునేవారు. నేడు వాట్సాప్‌లో గొంతు పంపడం అదే పని. టేపు లేదు, తిరిగే చక్రాలు లేవు, అంతే తేడా.

1984లో సి-డాట్ ఏర్పడి, ఆ తర్వాత పల్లెలకు పనికొచ్చే చిన్న ఎక్స్ఛేంజీలు రావడంతో టెలిఫోను ఊళ్లకు నడిచింది. పసుపు రంగు బోర్డుల ఎస్టీడీ, ఐఎస్‌డీ బూత్‌లు వెలిశాయి. అద్దాల గది, లోపల ఉక్క, ఎదురుగా ఎర్ర అంకెలు పరుగెత్తే మీటరు. మాట కంటే మీటరు మీదే చూపు. ఫోను ఉన్న ఇంటి నంబరును పి.పి. నంబరుగా ఇచ్చి, శుక్రవారం ఫలానా వేళకు చేస్తానని ఉత్తరంలో ముందే రాసేవారు. ఆ వేళకు గంట ముందే కుటుంబమంతా స్నానాలు చేసి, మంచి బట్టలు కట్టుకుని వారి అరుగు మీద కూర్చునేది. ఫోనులో మొహం కనబడదని అందరికీ తెలుసు. అయినా మంచి బట్టలే కట్టుకునేవారు.

విదేశీ పిలుపుల మీద విదేశ్ సంచార్ నిగమ్ గుత్తాధిపత్యం 2002 ఏప్రిల్‌తో ముగిసింది. పోటీ పెరిగి ధరలు దిగాయి. సెల్‌ఫోను మన దేశంలో మొదలైంది 1995లో. తొలి ఏళ్లలో ఊళ్ళో ఉన్నవాడు ఫోను ఎత్తినా డబ్బు కట్టాల్సి వచ్చేది. 2003లో ఆ బాధ పోయింది. నేడు విదేశీ రోమింగ్‌లో ఎత్తినవాడిపై పడే చార్జీ ఆ పాత పద్ధతికి మిగిలిన మోడు అనవచ్చు.

ఊరి సిమ్ము చచ్చిపోతే

గల్ఫ్ సిమ్ము వచ్చాక చాలా మంది ఊరి సిమ్మును తీసి పర్సులో పడేస్తారు. అసలు నష్టం అక్కడ మొదలవుతుంది. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే నంబరును ఆపేసే అధికారం కంపెనీకి ఉంది. ప్రీపెయిడ్‌లో కనీసం 20 రూపాయల బ్యాలెన్సు ఉంటే దాన్ని కోసుకుని మరో 30 రోజులు గడువు ఇస్తారు. అదీ లేకపోతే నంబరు పోతుంది. కొంతకాలం ఖాళీగా ఉంచి మరొకరికి అమ్ముతారు.

ఏడాది తర్వాత తల్లి ఆశ కొద్దీ పాత నంబరుకే కొడుతుంది. ఎవరో తెలియని మనిషి ఎత్తి ‘ఎవరు కావాలి’ అంటాడు. ‘నా కొడుకు ఫోను నీకాడికి ఎట్లొచ్చింది బిడ్డా, వాడికేమైంది’ అని ఆమె ఏడుస్తుంది. అవతలివాడికి ఏమీ అర్థం కాదు. ఇది ఒక ఇంటి కథ కాదు.

ఏడుపుతో పోయే నష్టం కూడా కాదు. ఆ నంబరే బ్యాంకు ఖాతాకు, ఆధారుకు, గ్యాసుకు, పింఛనుకు కట్టి ఉంటుంది. ఖాతాలో డబ్బు కదిలించాలంటే వచ్చే ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. కష్టపడి పంపిన డబ్బు ఖాతాలో ఉంటుంది, తీసే తాళంచెవి ఎవరి జేబులోనో ఉంటుంది. సాధారణంగా విదేశీ రోమింగ్‌లో మన కంపెనీలు వచ్చే సందేశానికి డబ్బు తీసుకోవు. కాబట్టి ఊరి సిమ్మును రెండో గదిలో ఉంచి, పిలుపులు ఎత్తకుండా సందేశాలకు మాత్రం వాడుకోవచ్చు. గడువు తీరకముందే ఇక్కడి దోస్తు రీచార్జి చేయిస్తూ ఉండాలి. విమానాశ్రయానికి వచ్చి సాగనంపడం కంటే ఈ పని గొప్పది.

2023 జనవరిలో జాతీయ చెల్లింపుల సంస్థ మరో దారి తెరిచింది. ఎమిరేట్స్, సౌదీ, ఒమన్, ఖతర్, సింగపూర్, అమెరికా సహా పది దేశాల నంబర్లతో ప్రవాస ఖాతాలవారు యూపీఐ వాడుకోవచ్చని బ్యాంకులకు అనుమతి ఇచ్చింది. తమ బ్యాంకులో ఆ సదుపాయం ఉందో లేదో ముందు కనుక్కోవాలి.

మోగని ఫోను

ఫోను కలవనప్పుడు కారణాలు వంద. బ్యాలెన్సు లేదు, చార్జింగు లేదు, ఎడారిలో టవరు లేదు, అక్కడి గుర్తింపు కార్డు గడువు తీరి సిమ్ము ఆగిపోయింది. కంపెనీ విడిచి బయటపడి, మనవాళ్లు ‘ఖల్లివెల్లి’ అనే కాగితాల్లేని బతుకులో ఉన్నవాడు భయంతో నంబరు మార్చి ఉండవచ్చు. కువైట్ ఇళ్లలో పనికి పోయిన కడప, గోదావరి జిల్లాల ఆడవారిలో కొందరికి వారానికి ఒకసారే ఫోను చేతికిస్తారు. ఇంట్లో కూర్చున్నవారికి ఇవన్నీ తెలియవు. వారికి తెలిసింది ఒక్కటే, స్విచాఫ్.

2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు ఉండే భవనంలో తెల్లవారుజామున మంటలు లేచాయి. 45 మంది భారతీయులు చనిపోయారు. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వారు. టీవీలో మంటలు చూపిస్తుంటే కువైట్‌లో మనిషి ఉన్న ప్రతి ఇంట్లో ఆ పొద్దున చేసిన పని ఒక్కటే, ఫోను కొట్టడం. తమవాడు ఉండే భవనం ఏది, వీధి ఏది, కంపెనీ పేరేమిటి అంటే చెప్పలేని ఇళ్లు ఎన్నో. నంబరు ఒక్కటే చేతిలో ఉంటే, అది మోగకపోతే, ఇక ఏ దారీ లేదు.

అందుకే పోయే ముందు దోస్తు దగ్గరో, ఇంట్లోనో కొన్ని కాగితాలు ఉంచి పోవాలి. పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం నకళ్లు. పంపిన ఏజెంటు లైసెన్సు వివరం. చేరిన వారంలో రూములో ఉన్న మరో ఇద్దరి నంబర్లు, క్యాంపు ఉన్న చోటు పేరు. మన ఊరివాడే కాకుండా వేరే ఊరివాడి నంబరు ఒకటి ఉంటే మరీ మంచిది. ఎందుకంటే ఊరివాళ్లంతా ఒకే క్యాంపులో ఉంటే కష్టం వచ్చినప్పుడు అందరి ఫోన్లూ ఒకేసారి మూగబోతాయి.

రోజులు గడిచినా ఆచూకీ లేకపోతే ఏజెంటు ఇంటి చుట్టూ తిరిగి కాలం పోగొట్టుకోరాదు. విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేస్తే అది సంబంధిత దేశంలోని మన రాయబార కార్యాలయానికి చేరుతుంది. ఎమిరేట్స్‌లో ఉన్నవాడే ఆపదలో ఉంటే అక్కడి నుంచి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 800 46342 నంబరుపై ఉచితంగా ఫోను చేయవచ్చు. హైదరాబాద్ ప్రజాభవన్‌లో గల్ఫ్ బాధితుల కోసం 2024లో ప్రవాసీ ప్రజావాణిని మొదలు పెట్టారు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబానికి 5 లక్షల రూపాయల సాయం అందించాలని రాష్ట్ర ప్రభుత్వం అదే ఏడాది ఉత్తర్వులు ఇచ్చింది.

ఈ కంగారును పసిగట్టే దొంగలూ ఉన్నారు. ‘మీ దోస్తును దుబాయి పోలీసులు పట్టుకున్నారు, వెంటనే యాభై వేలు పంపితే విడిపిస్తాం’ అని ఫోను వస్తుంది. ఒక్కోసారి దోస్తు ఫోటోతోనే వాట్సాప్ సందేశం వస్తుంది. డబ్బు పంపే ముందు దోస్తు పాత నంబరుకో, రూములో ఉన్నవారికో ఫోను చేసి గొంతు వినాలి. ఇద్దరికే తెలిసిన ముచ్చట ఒకటి అడగాలి, బడిలో పంతులు ఎవరిని కొట్టాడన్నట్టు. మోసపోయామని తెలిసిన మరుక్షణం 1930కి చెప్పాలి. ముక్కూమొహం తెలియని దేశం కోడుతో ఒక్క రింగు ఇచ్చి ఆగిపోయే నంబర్లకు తిరిగి చేయకూడదు. ఎక్కువ చార్జీ పడే లైనుకు తగిలించి డబ్బు గుంజే ఎత్తు అది.

ఇలా జాగ్రత్తలు చెప్పుకున్న ఇంట్లో కూడా మొదటి వారం నిద్ర ఉండదు. సాగనంపి వచ్చినవాడు రోజుకు పదిసార్లు ఫోను తీసి చూస్తాడు. పాత నంబరుకు కొడదామనుకుని, వాడికి డబ్బు పడుతుందని జేబులో పెట్టుకుంటాడు. అయిదో రోజో, ఆరో రోజో రాత్రి అన్నం ముందు కూర్చున్నప్పుడు ప్లస్ 971తో కొత్త నంబరు మోగుతుంది. రెండు రింగులు. ఆగిపోతుంది. ఆ వెనకే వాట్సాప్‌లో గొంతు సందేశం వస్తుంది. దాన్ని నొక్కి ఫోను చెవికి ఆనించుకుంటే మొదట వినబడేది దోస్తు గొంతు కాదు, రూములో వెనక నుంచి ఎవరో మన యాసలోనే ‘చాయ్ అయింది, రారా’ అని పిలుస్తున్న మాట.